రక్షిత ప్రాంతంలో కార్లు ఆపేస్తే జనం నడిచి వస్తారా?

లోయగాలి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఒక రక్షిత ప్రాంతానికి సందర్శకుల ప్రణాళిక రాసే చిన్న బృందంలో ఏడాదిగా పనిచేస్తున్నాను. మధ్యలో సరస్సు, దాని చుట్టూ పొలాలు, వాటి పైన అడవి. లోపల రెండు ఊళ్లున్నాయి. ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వర్గీకరణలో ఇది ఐదో రకం కిందకు వస్తుంది. అంటే మనుషులూ ప్రకృతీ తరతరాలుగా కలిసి తీర్చిన నేల. కంచె వేసి జనాన్ని బయట ఉంచే చోటు కాదు.

లోపలికి ఒకటే రోడ్డు. పోయిన నెలలో రెండు ఆదివారాలు పొద్దున్నే వెళ్లి గేటు దగ్గర కూర్చుని చూశాను. పదకొండుకల్లా పార్కింగ్ నిండిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు రోడ్డు పక్కన గడ్డి మీదకు ఎక్కించేశారు. ఒక పెద్దాయన ట్రాక్టర్‌తో తన పొలంలోకి తిరగలేక అరగంట అలాగే ఆగిపోయారు. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇంజన్ ఆపేసి కూర్చున్నారు. నాకు అది ఇప్పటికీ కళ్లముందే ఉంది.

బృందంలో సగం మంది ఇంకో పార్కింగ్ కట్టాలంటున్నారు. మిగతా సగం రోడ్డుకు గొలుసు వేసేద్దామంటున్నారు. నాకు నడక, సైకిల్, షటిల్ బస్సు మీద నమ్మకం ఉంది కానీ దేనితో మొదలుపెట్టాలో తెలియడం లేదు. అంత దూరం నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చినవాళ్లకు "మమ్మల్ని తరిమేస్తున్నారు" అనిపించకూడదు. ఇలాంటి పని చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

గుట్టదారి (జవాబు):

పార్కింగ్ పెంచే ఆలోచన మానుకోండి. ఎంత కట్టినా నిండుతుంది, లోపలి రోడ్డు మాత్రం అంతే ఉంటుంది. అలాస్కాలోని డెనాలి జాతీయ పార్కులో కొత్త హైవే రావడంతో కార్లు ముంచెత్తుతాయని ముందే ఊహించి, 1972లోనే సొంత కార్లను పార్కు రోడ్డు మొదటి పదిహేను మైళ్లకు పరిమితం చేశారు. అక్కడి నుంచి లోపలికి బస్సే. అమెరికాలోనే జయాన్ జాతీయ పార్కులో 2000 నుంచి షటిల్ నడిచే రోజుల్లో లోయ రోడ్డు మీదకు సొంత కార్లు రానివ్వడం లేదు. జనం రావడం మానేశారా? లేదు కదా. ధైర్యంగా గొలుసు వేయండి.

బాటమనిషి (జవాబు):

పదకొండేళ్లు ఒక రక్షిత ప్రాంతంలో కాలిబాటలు వేసే, బాగుచేసే జట్టులో ఉన్నాను. గుట్టదారి గారు చెప్పిన రెండూ నిజమే. కానీ వాటిలో ఒక వరుస ఉంది, దాన్ని తప్పితే పని చెడుతుంది. జయాన్‌లో గొలుసు ఒక్కటే రాలేదు, బస్సు కూడా వచ్చింది. ఇంకో బస్సు పక్కనున్న ఊళ్లో స్టాపు స్టాపుకూ ఆగుతూ పార్కు గేటు దాకా తెస్తుంది. కాబట్టి బస చేసిన చోటే కారు వదిలేయవచ్చు.

మేం ఆ వరుస తప్పాం. షటిల్ బస్సులు ఆలస్యమయ్యాయి, గేటు మాత్రం అనుకున్న తేదీకే వేసేశాం. మొదటి శనివారమే జనం గేటుకు అరకిలోమీటరు ముందు, రోడ్డు మలుపులో కార్లు వదిలేశారు. అక్కడి నుంచి పచ్చిక మీదుగా అడ్డంగా నడిచారు. అది నేల మీద గూడు కట్టే పక్షులు గుడ్లు పెట్టే కాలం. మూడు వారాల్లో ఆ పచ్చికలో నాలుగు కొత్త దారులు పడ్డాయి. వాటిని మూసి మళ్లీ గడ్డి మొలిపించడానికి నాకూ ఇంకో ఇద్దరికీ రెండేళ్లు పట్టింది. వచ్చినవాళ్లను నేను తప్పుపట్టను. నడవడానికి మేం వాళ్లకు దారి చూపలేదు.

అందుకే మీ ప్రశ్నకు నా జవాబు ఇది. కారు ఎక్కడ ఆగుతుందో అక్కడే స్వాగతం మొదలవాలి, సరస్సు దగ్గర కాదు. ఆ చోటు ముందు బాగుపడాలి. నీడ, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, బస్సు కోసం కూర్చోవడానికి బల్లలు, మాట్లాడే మనిషి ఒకరు. దిగగానే ఇవి కనిపిస్తే ఎవరికీ తరిమేసినట్టు అనిపించదు. ఫ్రాన్స్‌లో మాంట్ సెయింట్ మిషెల్ దగ్గర కొండ కిందే ఉండే పార్కింగ్‌ను 2012లో రెండున్నర కిలోమీటర్లు వెనక్కి జరిపారు. ఇప్పుడు అక్కడి నుంచి షటిల్‌లో రావచ్చు, నడిచీ రావచ్చు. నడిచేవాళ్లకు ఆ కొండ అడుగడుగుకూ పెద్దదవుతూ కనిపిస్తుంది. కారులోంచి ఒక్కసారి దిగేవాడికి అది దక్కదు. మీ దగ్గర కూడా ఆగే చోటు నుంచి సరస్సు మొదటిసారి ఎక్కడ కనిపిస్తుందో ఒకసారి నడిచి చూడండి. బాట ఆ మలుపు మీదుగా పోవాలి. రోడ్డు పక్కనే పోతే ఎవరూ నడవరు.

బోర్డుల గురించి ఒక మాట. కిలోమీటర్లు రాయకండి, నిమిషాలు రాయండి. స్విట్జర్లాండ్‌లో నడకదారుల పసుపు బోర్డుల మీద అలాగే ఉంటుంది. "సరస్సుకు 35 నిమిషాలు" అంటే అమ్మమ్మకూ అర్థమవుతుంది, నడవగలదో లేదో తనే తేల్చుకుంటుంది. లెక్కకు నైస్మిత్ సూత్రం ఉంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పింది. అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అది గట్టిగా నడిచేవాళ్ల లెక్క. పిల్లలతో వచ్చేవాళ్ల కోసం నేను దానికి ఎప్పుడూ సగం కలిపేవాణ్ణి.

ఇక అసలు బాట. జనాన్ని పలుచగా అన్ని వైపులకూ పంపితే నేలకు మంచిదని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. అడవి నేల అలా ఉండదు. గడ్డి మీద మొదట నడిచిన కొద్దిమందే ఎక్కువ నష్టం చేస్తారు, ఆ తర్వాత వచ్చే వందమంది చేసేది తక్కువ. అందుకే రద్దీ ఉన్నచోట ఒకటే గట్టి బాట వేసి అందరినీ దాని మీదే నడిపించాలి. బాట ఏటవాలు ఆ కొండ వాలులో సగానికి మించకూడదు. మించిందంటే వాన నీళ్లు బాటనే కాలువ చేసుకుంటాయి. బురద తప్పించుకోవడానికి జనం పక్కకు దిగుతారు, బాట వెడల్పవుతూ పోతుంది. మంచి వానలో గొడుగు వేసుకుని ఒక గంట మీ బాట మీద నిలబడండి. నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తే ఎక్కడ పని చేయాలో తెలిసిపోతుంది.

ఇవన్నీ చేసినా ఒక్క చోటికి ఎక్కువమంది వస్తుంటే లెక్క పెట్టాల్సిందే. ఫ్రాన్స్‌లోనే మార్సే నగరం పక్కన కలాంక్ పార్కులో సుజిటోన్ అనే చిన్న కొండచీలిక ఉంది. తొక్కిడికి అక్కడ మట్టి కొట్టుకుపోయి చెట్ల వేళ్లు బయటపడ్డాయి. 2022 వేసవి నుంచి రద్దీ రోజుల్లో అక్కడికి రోజుకు 400 మందికే ప్రవేశం. ముందే పేరు నమోదు చేసుకోవాలి, డబ్బులేమీ తీసుకోరు. ఈ పరిమితి పార్కు మొత్తానికి కాదు. పరిమితి పెడితే అలా ఒక్క చోటికి, కారణం చెప్పి పెట్టాలి.

నీలిమబ్బు (జవాబు):

అందరూ నడక గురించే మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. మా అబ్బాయి వీల్‌చైర్‌లో ఉంటాడు. "కార్లు లేవు" అనే బోర్డు చూస్తే నాకు మొదట టెన్షనే వస్తుంది. బస్సుకు ర్యాంపు ఉందా, కంకరలో చక్రాలు దిగబడతాయా, మధ్యలో ఆగడానికి చదునైన చోటు ఉందా అని.

ఒక్క బాటనైనా పూర్తిగా మాలాంటివాళ్ల కోసం వేయండి. ఇరవై మీటర్లకు ఒక మీటరు కంటే ఎక్కువ ఎక్కకుండా, గట్టి నేలతో. అది చివరి దాకా, నీళ్ల అంచు దాకా వెళ్లాలి. సగం దూరంలో మెట్లు వస్తే మావాడు వెనక్కి తిరిగి చూస్తాడు, ఆ చూపు నాకు తట్టుకోవడం కష్టం. ఇంగ్లండ్ పీక్ డిస్ట్రిక్ట్‌లో మోన్సల్ ట్రైల్ అని ఉంది. 1968లో మూసేసిన రైలు మార్గం, 2011లో సొరంగాలు కూడా తెరిచారు. రైలు కోసం వేసిన దారి కాబట్టి వాలు చాలా తక్కువ. నడిచేవాళ్లు, సైకిళ్లు, చక్రాల కుర్చీలు అన్నీ ఒకే దారిలో పోతాయి. మీ దగ్గర పాత కాలువ గట్టుగానీ పాత బండి బాటగానీ ఉందేమో వెతకండి.

లోయగాలి:

నీలిమబ్బు గారూ, పాత కాలువ గట్టు ఉంది! మా మ్యాపులో దాన్ని ఇప్పటిదాకా ఎవరూ బాటగా చూడలేదు. రేపే వెళ్తాను.

బాటమనిషి గారూ, రెండు సందేహాలు. ఆ గట్టు మీద సైకిళ్లనూ నడిచేవాళ్లనూ కలపవచ్చా? గొలుసు వేస్తే లోపలి ఊళ్లవాళ్ల సంగతి ఏమిటి?

బాటమనిషి:

మూడు మీటర్ల వెడల్పు, చదునైన దారి, ఎదుటివాళ్లు దూరం నుంచే కనిపించడం, ఈ మూడూ ఉంటే కలపవచ్చు. పల్లం వచ్చేచోట మాత్రం విడదీయండి. ఎలక్ట్రిక్ సైకిల్ మోటారు సాయం యూరప్ నిబంధనల ప్రకారం 25 కిలోమీటర్ల వేగం దగ్గర ఆగిపోతుంది. పల్లంలో మోటారుతో పనే లేదు, ఏ సైకిలైనా ఆ వేగం దాటేస్తుంది. నడుస్తున్న చిన్నపిల్లకు ఆ వేగం చాలా ఎక్కువ.

ఊళ్లవాళ్లకు మీ గొలుసు ఎప్పుడూ అడ్డం రాకూడదు. అందుకే రోజంతా మూయకుండా గంటలు పెట్టుకోండి. ఇటలీలో ఆల్పే ది సియుసీ మైదానానికి వెళ్లే రోడ్డును సొంత కార్లకు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా మూస్తారు. ఆ వేళల్లో జనం కేబుల్ కారులోనో బస్సులోనో పైకి వస్తారు. ముందు కొన్ని వారాంతాలు మాత్రమే చేసి చూడండి. పీక్ డిస్ట్రిక్ట్‌లోనే గోయిట్ లోయలో 1970లో అలా చేశారు, కార్లు అంచున ఆపించి మినీబస్సులు నడిపారు. ప్రయోగం అని చెప్పి మొదలుపెడితే ఊళ్లవాళ్లు తమ ఇబ్బంది చెప్తారు, మార్చుకోవడానికీ వీలుంటుంది. శాశ్వతం అని చెప్తే మొదటి రోజే గొడవ.

ఇంకోటి. బస్సు వేళలు రాసేముందు ఊళ్లలో అడగండి. అదే బస్సు ఉదయం పిల్లల్ని బడికి దింపగలిగితే అది వాళ్ల బస్సు కూడా అవుతుంది.

లోయగాలి:

ఈ పేజీ మొత్తం ప్రింట్ తీసి బృందానికి ఇస్తున్నాను. గురువారం ఆ ట్రాక్టర్ పెద్దాయన ఇంటికి వెళ్తున్నాను. మొదటి స్టాపు ఎక్కడ ఉండాలో ఆయన్నే అడుగుతాను. వాన పడిన రోజు గట్టు మీద నిలబడి చూసి, ఏం కనిపించిందో ఇక్కడే రాస్తాను.