పసుపులో కర్క్యుమిన్: ఎన్‌ఐఆర్ రీడింగ్ మీద రైతుకు ధర కట్టొచ్చా?

మెట్‌పల్లి ల్యాబ్

అందరికీ నమస్తే. మాది రైతు సంఘం నడిపే పసుపు యూనిట్. వచ్చే జనవరి నుంచి కాడి (పసుపు కొమ్ము) ధరను కర్క్యుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) శాతాన్ని బట్టి కట్టాలని మా పాలకవర్గం ఆలోచన. ఇప్పటిదాకా పొడిలోంచి ఆల్కహాల్‌తో రంగు తీసి 425 నానోమీటర్ల దగ్గర కొలుస్తున్నం. రోజంతా కూర్చున్నా పదిహేను శాంపిళ్లు దాటవు. ఎన్‌ఐఆర్ మిషన్ (పొడి మీద కంటికి కనిపించని సమీప పరారుణ కాంతి వేసి, తిరిగొచ్చినదాన్ని బట్టి శాతం చెప్పేది) నిమిషానికి ఒకటి చెప్తది.

రెండు సీజన్ల శాంపిళ్లు 160 చదివించి పీఎల్‌ఎస్ మోడల్ (మిషన్ రీడింగ్ నుంచి శాతాన్ని అంచనా వేసే లెక్క) కట్టిన. అన్నింటినీ కలిపేసి, చీటీలు తీసినట్టు నాలుగో వంతు పక్కన పెట్టి పరీక్షిస్తే ఆర్ స్క్వేర్ (అంచనా ల్యాబ్ అంకెతో ఎంత కలిసిందో చెప్పేది, 1 అయితే పూర్తిగా కలిసినట్టు) 0.94, సగటు తప్పు 0.25 శాతం వచ్చింది. ధర కట్టడానికి ఇది చాలని నా నమ్మకం. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

ఓరుగల్లు లెక్కలు

తమ్ముడూ, కష్టపడి చేసినవు, అది కనిపిస్తుంది. నా అభ్యంతరం పరీక్ష పెట్టిన తీరు మీద.

ఒక్కో పొడిని మూడుసార్లు చదివించి మూడు వరుసలుగా పెట్టినవా? అట్లయితే అదే పొడి నేర్చుకునే దిక్కూ ఉంటది, పరీక్ష దిక్కూ ఉంటది. ముందు అది సరిచూడు. అది బాగానే ఉన్నా ఇంకో చిక్కు మిగులుతుంది. ఒకే ఊరు, ఒకే విత్తనం, ఒకే ఏడు ఆరబెట్టిన పసుపు అంతా ఒకదానికొకటి తోబుట్టువుల లెక్క. చీటీలు తీసి విడదీస్తే పరీక్షకు పెట్టిన ప్రతి శాంపిల్‌కూ తోబుట్టువు మోడల్ లోపలే ఉంటది. జనవరిలో మీ కాంటా మీదికి వచ్చే పంటకు అట్ల ఎవరూ ఉండరు. మొదటి సీజన్‌తో మోడల్ కట్టి, రెండో సీజన్ మొత్తం మీద పరీక్షించి ఆ అంకె ఇక్కడ పెట్టు. దాని మీద మాట్లాడుదాం.

మెట్‌పల్లి ల్యాబ్

చేసిన అక్కా. వరుసల విషయంలో తప్పు లేదు, మూడు రీడింగుల సగటే వాడిన. కానీ సీజన్ మార్చి చూస్తే తప్పు 0.48కి పోయింది. అందులో మిషన్ అన్నింటినీ ఒకే దిక్కు 0.38 తక్కువ చూపించడమే ఎక్కువ. ఆ బయాస్ తీసేస్తే మిగిలేది 0.29. అంటే సీజన్ మొదట్లో 20 శాంపిళ్లు ల్యాబ్‌లో చేసి ఆ తేడా కలిపేస్తే అయిపోతది కదా? ఎన్‌ఐఆర్ వాడే మిల్లులన్నీ చేసేది అదే కదా?

హన్మకొండ కెమిస్ట్

నేను తమ్ముడి వైపే. బయాస్ వచ్చిందని మిషన్‌ను పక్కన పెట్టొద్దు, ఎందుకొచ్చిందో వెతకాలి. నీళ్లు 1450, 1940 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా పీల్చుకుంటయి. పసుపు ఒక ఏడు బాగా ఎండి, ఇంకో ఏడు మబ్బుల్లో సగం ఎండితే స్పెక్ట్రమ్ (ఏ తరంగం దగ్గర ఎంత కాంతి పీల్చుకుందో చూపే గీత) అంతా కదులుతది. పిండి మర జల్లెడ మారినా అంతే. ముతక పొడి కాంతిని ఒక తీరుగా చెదరగొడితే, మెత్తటి పొడి ఇంకో తీరుగా చెదరగొడుతది. ఎస్‌ఎన్‌వీ, డెరివేటివ్ లాంటి లెక్కల సవరణలు దీన్ని తగ్గిస్తయి గానీ పూర్తిగా తుడిచెయ్యవు.

అమెరికాలో కార్ల్ నోరిస్ 1960ల్లో గింజల తేమతో మొదలుపెట్టిన పని ఇది. 1975లో కెనడా ధాన్య కమిషన్ గోధుమ ప్రొటీన్‌ను జెల్డాల్ పద్ధతి (ఆమ్లంలో ఉడికించి నత్రజని కొలిచే ల్యాబ్ పరీక్ష) వదిలి దీనితోనే కొలవడం మొదలుపెట్టింది. గోధుమ రైతుకు ధర కట్టొచ్చన్నప్పుడు పసుపు రైతుకు ఎందుకు కట్టకూడదు?

ఒక్క జాగ్రత్త. 425 దగ్గర కొలిస్తే కర్క్యుమిన్‌తో పాటు దాని రెండు తోడు పదార్థాలూ కలిసే వస్తయి. మీ దగ్గర కొనే కంపెనీ హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో) ఒక్క కర్క్యుమిన్‌నే విడిగా చూస్తే, మీ అంకె వాళ్ల అంకె ఎన్నడూ కలవవు. ఏది కొలుస్తున్నరో ధరల బోర్డు మీద రాయండి.

ఓరుగల్లు లెక్కలు

కెమిస్ట్ గారూ, గోధుమలో ప్రొటీన్ పది, పన్నెండు శాతం ఉంటది. ఇక్కడ మనం మూడు, నాలుగు శాతం ఉన్న పదార్థం కోసం చూస్తున్నం. పైగా కెనడాలో ప్రతి ఏడూ కొత్త పంటతో సరిచూసుకునే యంత్రాంగం ఉంది. మిషన్ ఒక్కటే కాదు, ఆ అలవాటు కూడా తెచ్చుకోవాలి.

20 శాంపిళ్ల మాటకొస్తే, చిన్న లెక్క ఉంది. 20 శాంపిళ్లతో బయాస్ కొలిస్తే, అది ఎస్‌ఈపీలో (బయాస్ తీసేశాక మిగిలే తప్పులో) దాదాపు సగం దాటితేనే నిజమైన బయాస్ అనుకోవాలి. మీకు 0.29లో సగం అంటే 0.14. వచ్చింది 0.38 కాబట్టి అది నిజమే, కలపాల్సిందే. కానీ ఆ 20 ఎప్పటివి? సీజన్ మొదట్లో వచ్చేది ప్రగతి లాంటి ఆరు నెలల రకం. ఎనిమిది, తొమ్మిది నెలల రకాలు తర్వాత వస్తయి. ముందొచ్చిన రకంతో తీసిన తేడాను వెనకొచ్చిన రకం మీద రుద్దితే, ఒక ఊరికి న్యాయం చేసి ఇంకో ఊరికి కోత పెట్టినట్టే.

ఇంకోటి. నీ 160లో ఎక్కువ కర్క్యుమిన్ ఉన్నవన్నీ ఒకే రకమా తమ్ముడూ? అయితే మోడల్ కర్క్యుమిన్‌ను నేర్చుకోలేదు, ఆ రకాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంది. ఆర్ స్క్వేర్ 0.94 మురిపిస్తది. రెండు శాతం వాటినీ ఆరు శాతం వాటినీ ఒకే సంచిలో వేస్తే ఏ మోడల్‌కైనా అంత వస్తది. రకం వారీగా విడదీసి చూడు.

ఆర్మూర్ పసుపు రైతు

మీ లెక్కలు నాకు పూర్తిగ తెల్వవు, కానీ ఒక్క మాట చెప్త. యూనిట్ల రోజుకు వంద బండ్లు దిగుతయి. ఒకనికి ఎక్కువ చూపి ఇంకొకనికి తక్కువ చూపినా సాయంత్రానికి యూనిట్‌కు సగటు కుదిరిపోతది. నేను మాత్రం ఏడాదికి ఒక్కపారే వస్త. తొమ్మిది నెలలు పెంచి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి తెచ్చిన పంటకు ఆ రోజు తక్కువ చూపితే నాకు సగటు ఏడికెల్లి వస్తది?

ఇంకోటి, శాంపిల్ ఏ బస్తలకెల్లి తీస్తరు? కాడి, గోళ (గుండ్రటి దుంప) కలిసినదాంట్లకెల్లి పిడికెడు తీసి నా పంటంతా గదే అంటే ఊకోను.

ఓరుగల్లు లెక్కలు

అన్నా, నేను చెప్పాలనుకున్నది మీరు నాకన్నా సూటిగా చెప్పిన్రు. చుట్టూ తిరిగి 0.29 అన్నది ఒక్కో బండికి వచ్చే తప్పు. సగటు కుదరడం కొనేవాళ్లకే గానీ అమ్మేవాళ్లకు కాదు.

హన్మకొండ కెమిస్ట్

ఒప్పుకుంటున్న. మరి శ్లాబులు పెడితే? శాతానికో శ్లాబు. అంచుకు దగ్గర పడ్డవాటినే ల్యాబ్‌కు పంపుదాం.

ఓరుగల్లు లెక్కలు

0.29కి రెట్టింపు తీసుకుంటే అంచుకు అటూ ఇటూ 0.6 వదలాలి. ఒక శాతం వెడల్పు శ్లాబులో రెండు దిక్కులా 0.6 తీసేస్తే మిగిలేదేం లేదు, అన్నీ ల్యాబ్‌కే పోతయి. ఒకే గీత పెడితే పని అవుతది. నాలుగు శాతం దగ్గర అనుకోండి. 3.4 లోపున్నవి, 4.6 పైనున్నవి మిషన్ మాటతో పోతయి, నడుమవి ల్యాబ్‌కు. 20 శాంపిళ్ల సరిచూపు సీజన్‌కొక్కసారి కాకుండా వారం వారం, అన్ని రకాలతో చెయ్యాలి.

మెట్‌పల్లి ల్యాబ్

రకం వారీగా విడదీసి చూసిన అక్కా. మీరన్నట్టే అయ్యింది. కర్క్యుమిన్ ఎక్కువుండే రకాలు ప్రతిభ, ప్రగతి రెండింటినీ తీసేసి మిగతా రకాలనే చూస్తే ఆర్ స్క్వేర్ 0.6 దాటలేదు. రెండు నాళ్లు మనసు మనసుల లేదు, కానీ జనవరిలో రైతు ముందట తెలిసే బదులు ఇప్పుడు తెలిసింది.

పాలకవర్గానికి ఇట్ల రాసి పంపుతున్న: ఈ సీజన్ ధర ల్యాబ్ అంకెతోనే, మిషన్ రీడింగ్ పక్కన రాసి పెట్టడానికే. కెమిస్ట్ సార్, ఒకే పొడిని మీ దగ్గర, మా దగ్గర ఏ పొడి ఏదో చేసేవాళ్లకు తెలియకుండా రెండేసి సార్లు చేద్దాం. మా ల్యాబ్ తప్పు ఎంతో ముందు తేలాలి. ఆర్మూర్ అన్నా, మీ దిక్కు ఆలస్యంగా తవ్వే రకాలు నా దగ్గర తక్కువున్నయి. బస్తాలో పైన, నడుమ, అడుగున తీసి, కాడి వేరు గోళ వేరు కట్టి పంపితే రవాణా ఖర్చు యూనిట్ పెట్టుకుంటది.

ఆర్మూర్ పసుపు రైతు

మా ఊరోళ్లయి పన్నెండు మందియి తెస్త. రీడింగ్ మా ముందట తియ్యాలె.