స్పార్క్‌స్టేషన్ 5లో 73 జీబీ డిస్క్: ప్యాచ్‌లు వేశాక బూట్ అవట్లేదు

బ్రాడీపేట_సన్ (గుంటూరు):
సన్ కంపెనీ పాత వర్క్‌స్టేషన్ ఇది, ఓఎస్ సోలారిస్ 2.6. పాత 2 జీబీ డిస్క్ తీసి 73 జీబీ, 80 పిన్నుల స్కజీ (పాత సర్వర్ల డిస్క్ కనెక్షన్) డిస్క్ పెట్టాను. బూట్‌కి ముందే డిస్కులు చూపే ప్రోబ్-స్కజీ కమాండ్ కొడితే టార్గెట్ 3లో కనిపిస్తోంది. మొత్తం ఒకటే రూట్‌గా (ఓఎస్ ఉండే ప్రధాన భాగంగా) ఇచ్చి ఇన్‌స్టాల్ చేస్తే బాగానే నడిచింది. ప్యాచ్‌లు వేశాక మాత్రం బూట్ మొదట్లోనే ఆగిపోతోంది. డిస్క్ పోయినట్టేనా అన్నా?

బెంజిసర్కిల్:
డిస్క్‌కేం కాలేదు తమ్ముడూ. గొడవంతా బూట్ ప్రామ్‌తో, అంటే మెషీన్‌ని లేపే చిప్‌లోని ప్రోగ్రామ్‌తో. అది డిస్క్ చదివేది ఆరు బైట్ల కమాండ్‌తోనే. ఆరు బైట్ల స్కజీ రీడ్ కమాండ్‌లో సెక్టార్ నంబరుకు ఉన్న చోటు 21 బిట్లే. అంటే ఒక్కోటి 512 బైట్ల చొప్పున 20,97,152 సెక్టార్లు, సరిగ్గా 1 జీబీ. కొన్ని ప్రామ్‌లు 2 జీబీ దాకా వెళ్తాయి, కానీ ఆ ధైర్యం చేయొద్దు. మొదట కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ ఫైలు) డిస్క్ మొదట్లోని సిలిండర్లలో పడింది కాబట్టి లేచింది. ప్యాచ్‌తో వచ్చిన కొత్త కెర్నెల్ ఫైలు హద్దు దాటి పడింది. సోలారిస్ సొంత డ్రైవర్ ఎక్కాక ఈ హద్దు ఉండదు.

డేటా అలాగే ఉంటుంది. సీడీ నుంచి సింగిల్ యూజర్‌లో లేపి, బ్యాకప్ తీసే యూఎఫ్ఎస్‌డంప్‌తో టేపుకి తీసి, మళ్లీ స్లైసులు (డిస్క్ భాగాలు) కొయ్యి. ఫార్మాట్ కమాండ్‌లో 14087 సిలిండర్లు, 24 హెడ్లు, 424 సెక్టార్లు అని చూపిస్తే సిలిండర్‌కి 10,176 సెక్టార్లు. రూట్ 0 నుంచి 199 దాకా చాలు, 1 జీబీ లోపే ఆగుతుంది. యూఎస్ఆర్ (ప్రోగ్రాములు), వార్ (లాగ్‌లు, మారే ఫైళ్లు) వేరుగా పెట్టు. ప్యాచ్‌ల బ్యాకప్‌లన్నీ వార్‌లోనే చేరతాయి, రూట్‌లో కలిపితే ఇట్టే నిండిపోతుంది. స్లైస్ 2 అంటే మొత్తం డిస్క్, దాని జోలికి పోకు.

కృష్ణలంక_రూట్:
మిగిలినదంతా ఒకే హోమ్ (యూజర్ల ఫైళ్ల చోటు) చేస్తే కరెంటు పోయినప్పుడల్లా డిస్క్ తనిఖీ చేసే ఎఫ్ఎస్‌సీకే ఎంతసేపటికీ తెమలదు. ఆ తనిఖీని తప్పించే యూఎఫ్ఎస్ లాగింగ్ వచ్చింది సోలారిస్ 7లో, 2.6లో ఆ సుఖం లేదు. హోమ్‌ని రెండు మూడు ముక్కలు చేసి, ఫైల్ సిస్టమ్ తయారుచేసే న్యూఎఫ్ఎస్‌కి మైనస్ ఐ 32768 ఇవ్వండి. ఐనోడ్లు (ఒక్కో ఫైలు వివరాలుండే రికార్డులు) తగ్గితే ఎఫ్ఎస్‌సీకే పనీ తగ్గుతుంది. అన్నట్టు, 10,000 ఆర్‌పీఎం డిస్క్ అయితే ఫ్యాన్ దుమ్ము దులపండి. మన మే నెల ఎండకి ఆ చిన్న పెట్టెలో ఊరికే కాలిపోతుంది.

బ్రాడీపేట_సన్:
స్లైసులు అలాగే కోశాను, లేచింది. స్టోరేజ్ పెట్టె నుంచి ఊడదీసిన ఇంకో 73 జీబీ ఉంది. ప్రోబ్‌లో కనిపిస్తుంది గానీ ఫార్మాట్ లేబుల్ వేయనంటోంది.

బెంజిసర్కిల్:
సెక్టార్ 520 బైట్లు అయ్యుంటుంది, స్టోరేజ్ పెట్టెల్లో అది మామూలే. స్కజీ కార్డున్న లినక్స్ మెషీన్‌లో పెట్టి ఎస్‌జీ_ఫార్మాట్ కమాండ్‌తో సెక్టార్ సైజు 512 ఇచ్చి ఫార్మాట్ చెయ్యి. డేటా మొత్తం పోతుంది, గంటలు పడుతుంది. యూపీఎస్ మీద పెట్టు, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి.