సమస్య: దారి తప్పువాడె చేరు దరిని

నిర్వాహకుడు: ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇది, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) కోసం వెతక్కండి, దారి–చేరు ప్రాసయతి, అంటే రెండో అక్షరాలు కలిశాయి. ప్రయాణంలో తగిలిన ఆటంకమే వస్తువు కావాలి. వేదాంతం వద్దు, బాబూ!

పాలపిట్ట:
నీటికొరకు దూర నెల దాటిపోయెను
గవిని జిక్కి కపులు కనులు మూసి
తెరచి చూడ నెదుట దీరమే కనిపించె
దారి తప్పువాడె చేరు దరిని

నిర్వాహకుడు: భేష్! సీత జాడకు సుగ్రీవుడిచ్చిన గడువు నెల. దాహంతో గుహలో దూరిన అంగదుడి బృందానికి ఆ గడువు కాస్తా లోపలే గడిచిపోయింది. ఆ గుహలోని తపస్విని స్వయంప్రభ కళ్లు మూసుకోమని చెప్పి వాళ్లను బయటపడేసింది. 'దరి'ని అచ్చంగా సముద్రతీరం చేశారు, సమస్య అక్కడే విడిపోయింది. గడువు దాటిందన్న దిగులుతో ప్రాయోపవేశానికి, అంటే తిండి మాని ప్రాణం విడవడానికి, కూర్చోబట్టే కదా, జటాయువు పేరు అతని అన్న సంపాతి చెవిన పడి సీత జాడ తెలిసింది! అదీ పట్టే చోటుంటే ఎంత బాగుండేదో. నాలుగు పాదాల్లో ఏం చేస్తాంలెండి.

గోదారిగట్టు:
రైలునుండి నెట్ట రాత్రంత చలిలోన
కోటు లేక వణికె, గుండె మండె
గాంధి యాగె నచట కదలెను దేశమ్ము
దారి తప్పువాడె చేరు దరిని

పాలపిట్ట: రెండో పాదానికి నా ఓటు. 1893 జూన్, దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్. ఓవర్‌కోటు సామానులో ఉంది, అడిగితే మళ్లీ అవమానిస్తారేమోనని అడగలేదాయన. 'కోటు లేక' అన్న రెండు మాటల్లో అదంతా వచ్చేసింది. కానీ మూడో పాదం దగ్గరే పేచీ. ఏ దేశం కదిలింది? ఆయన భారతదేశానికి శాశ్వతంగా తిరిగొచ్చింది 1915లో. పైగా గాంధీ దారి తప్పలేదు, టికెట్టున్న మనిషిని తోసేశారు. సమస్య మీ పద్యం చివర ఊరికే వేలాడుతోంది.

గోదారిగట్టు: ఆలోచిస్తాను. అంత తేలిగ్గా వదలను లెండి.

పంతులుగారి కోడలు: నాది మొన్నటి సంగతే, నవ్వకండి.
ఫోను చూపు బాట పోనిచ్చి పోనిచ్చి
చిక్కె కారు బురద చెరువు చెంత
దిగిన మమ్ము బిలిచి తినమనె రైతన్న
దారి తప్పువాడె చేరు దరిని

నిర్వాహకుడు: నవ్వకుండా ఎలాగమ్మా! 'పోనిచ్చి పోనిచ్చి'లో డ్రైవర్ గొంతు వినపడుతోంది. 'దరి' ఇక్కడ చెరువు గట్టయి కూర్చుంది. రెండో పాదంలో మాత్రం 'బురదలో' అనాల్సిన చోట 'లో' ఎగిరిపోయింది. 'చిక్కె బురదలోన చెరువు చెంత' అంటే సరి. 'దిగిన మమ్ము' అన్నారు గనుక కారు చెప్పకపోయినా తెలుస్తుంది.

పంతులుగారి కోడలు: అలాగే మార్చాను. రైతన్న పెట్టింది రాగిసంకటి. అది పద్యంలో పట్టలేదు, ఆ బాధ ఉంది.

గోదారిగట్టు: మూడో పాదం ఇలా మార్చాను, చూడండి.
కేసు ముగియగానె కెరలి పోరుకు నిల్చె

పాలపిట్ట: ఇప్పుడు కుదిరింది! వ్యాపారి దాదా అబ్దుల్లా కేసు కోసం అక్కడికి వెళ్లి, పని ముగించుకుని ఇంటిదారి పట్టాల్సిన మనిషి. 1894లో డర్బన్ వీడ్కోలు విందులో పేపర్ చూశాడు, భారతీయుల ఓటుహక్కు తీసేసే బిల్లు సంగతి బయటపడింది, ఇక ఓడెక్కలేదు. తప్పిన దారి అదీ. ఆ 'దేశమ్ము' కూడా పోయింది, హాయి.

నిర్వాహకుడు: శనివారం దాకా పూరణలు పంపొచ్చు. ఓడ మునకల మీద ఇంకా ఎవరూ రాయలేదు.