శని, ఆదివారాలు చిల్లర్ ఆపితే రిలీఫ్ వాల్వ్ కారుతోంది: తప్పు వాల్వ్‌దా, ఎక్స్‌పాన్షన్ ట్యాంక్‌దా?

ఫెసిలిటీ_హైదరాబాద్:
ఏడంతస్తుల ఆఫీసు బిల్డింగ్, ప్లాంట్ రూమ్ బేస్‌మెంట్‌లో. ఏసీ కోసం చిల్లర్ చల్లబరిచిన నీళ్లు తిరిగే క్లోజ్డ్ లూప్, మొత్తం నీళ్లు సుమారు 6,000 లీటర్లు, సప్లై 7 డిగ్రీలు. పంప్ సక్షన్ హెడర్ (పంప్‌లోకి నీళ్లు వెళ్లే పైపు) మీద 100 లీటర్ల ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ ఉంది. వేడికి పెరిగే నీళ్లు పట్టేది అదే, లోపల రబ్బరు బ్లాడర్‌కు ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు గాలి. అన్నిటికంటే పైనున్న పైపు ట్యాంక్‌కు 28 మీటర్ల ఎత్తున ఉంది. మేకప్ (తగ్గిన నీళ్లు నింపే లైన్) 3.2 బార్‌కు, రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మించితే నీళ్లు వదిలేసేది) 6 బార్‌కు సెట్ చేశారు. శుక్రవారం రాత్రి ప్లాంట్ ఆపితే ఆదివారానికి లూప్ నీళ్లు 35 డిగ్రీలకు చేరి వాల్వ్ తెరుచుకుంటోంది. సోమవారం ప్లాంట్ మొదలై నీళ్లు చల్లబడగానే ప్రెషర్ పడిపోయి మేకప్ లాగుతోంది. మీటర్ మీద వారానికి 12 లీటర్ల దాకా కనిపిస్తోంది. ట్యాంక్ గాలి వాల్వ్ దగ్గర గేజ్ పెడితే 3.2 బార్ ఉంది, కాబట్టి గాలి సరిగానే ఉన్నట్టుంది. రిలీఫ్ వాల్వ్ మార్చాలా?

ప్లాంట్‌రూమ్:
వాల్వ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీరు చూసిన 3.2 లూప్ ప్రెషర్ అండీ, ట్యాంక్‌లో నింపిన గాలిది కాదు. బ్లాడర్‌కు అటు నీళ్లు ఎంత ప్రెషర్‌తో నొక్కితే ఇటు గాలి కూడా అంతే చూపిస్తుంది. ట్యాంక్ ఐసొలేషన్ వాల్వ్ (ట్యాంక్‌ను లూప్ నుంచి వేరు చేసేది) మూసి, ట్యాంక్ వైపు డ్రైన్ తెరిచి, నీళ్లు పూర్తిగా దిగిపోయాక, డ్రైన్ తెరిచే ఉంచి గాలి కొలవాలి. కారు టైరు గేజ్ సరిపోతుంది.

అప్పుడే గాలి వాల్వ్ పిన్ను ఒక్క క్షణం నొక్కి చూడండి. గాలి బదులు నీళ్లు చిమ్మితే బ్లాడర్ చిరిగినట్టే. ఇక గాలి నింపి లాభం లేదు, బ్లాడరో ట్యాంకో మార్చాలి.

ఫెసిలిటీ_హైదరాబాద్:
అలాగే చేశామండీ. డ్రైన్ అయ్యాక 1.5 బార్ వచ్చింది. నీళ్లు రాలేదు. నేమ్‌ప్లేట్ మీద కూడా ఫ్యాక్టరీ ఛార్జ్ (ముందే నింపిన గాలి ప్రెషర్) 1.5 అనే ఉంది.

లూప్_లెక్కలు:
అంటే బిగించిన రోజు నుంచి ఎవరూ గాలి సెట్ చేయలేదు. 28 మీటర్ల నీళ్ల బరువే దాదాపు 2.75 బార్. పై అంతస్తులో గాలి చొరబడకుండా ఇంకో 0.4 కలిపితే 3.2 రావాలి, అంటే టైరు గేజ్ మీద 46 పీఎస్ఐ.

ఛార్జ్ 1.5 దగ్గరే ఉంటే లూప్ చల్లగా ఉన్నప్పుడే నీళ్లు ట్యాంక్‌లో 40 లీటర్లు ఆక్రమిస్తాయి. గాలికి మిగిలేది 60. నీళ్లు 7 నుంచి 35 డిగ్రీలకు వెళ్తే 0.59 శాతం పెరుగుతాయి, మీ లూప్‌కు 35 లీటర్లు. అవన్నీ పట్టాలంటే ప్రెషర్ 9 బార్ దాటాలి. 6 బార్ వచ్చేసరికి ట్యాంక్ 24 లీటర్లే తీసుకుంటుంది, మిగతా 11 వాల్వ్ గుండా పోతాయి. వాల్వ్ తిరిగి మూసుకోవడానికి ప్రెషర్ ఇంకాస్త దిగాలి కాబట్టి మీ మీటర్ చూపే 12 దానికి సరిగ్గా సరిపోతోంది.

ట్యాంక్ ఖాళీగా ఉండగానే 3.2కి గాలి పట్టండి, నైట్రోజన్ అయితే ఇంకా మంచిది. తర్వాత డ్రైన్ మూసి, ఐసొలేషన్ వాల్వ్ మెల్లగా తెరవండి. అప్పుడు 35 డిగ్రీలకు ప్రెషర్ సుమారు 5.5 దగ్గర ఆగుతుంది. కారడం ఆగుతుంది గానీ ఇది అంచు మీద నడవడమే. మే నెలలో టెర్రస్ పైపులతో కలిపి లూప్ 45 డిగ్రీలకు వెళ్తుందని లెక్కేస్తే పెరిగేది 59 లీటర్లు. వాల్వ్ సెట్టింగ్‌కు పది శాతం కింద, 5.4 దగ్గర ఆగాలంటే పై ప్రెషర్ 5.4కూ కింది ప్రెషర్ 3.2కూ తేడా 2.2ను 6.4తో భాగించాలి (ఇక్కడ 5.4కు వాతావరణ పీడనం 1 కలిపాను). 0.344 వస్తుంది. 59ని దానితో భాగిస్తే 171 లీటర్లు. కాబట్టి 200 లీటర్ల ట్యాంక్ కావాలి, లేదా ఇప్పుడున్న దాని పక్కనే, అదే హెడర్ మీద ఇంకో 100 లీటర్లది. రెండోదాన్ని లూప్‌లో వేరే చోట మాత్రం కలపొద్దు.

ప్లాంట్‌రూమ్:
పై లెక్కతో ఏకీభవిస్తాను. రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ బిగించి 8 బార్‌కు పెంచుదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ సెట్టింగ్ లూప్‌లో అన్నిటికంటే తక్కువ రేటింగ్ ఉన్న పరికరాన్ని కాపాడటానికే.

12 లీటర్లే కదా అని వదిలేయకండి. వారం వారం వచ్చే కొత్త నీళ్లతో కరిగిన ఆక్సిజన్ కూడా వస్తుంది, ఇనుప పైపుల్ని లోపలి నుంచి తినేది అదే. స్ట్రైనర్లలో నల్లటి బురద పేరుకుంటోందేమో చూడండి. ఇన్‌హిబిటర్ (తుప్పు పట్టకుండా కలిపే రసాయనం) మోతాదు కూడా పలచబడి ఉంటుంది, టెస్ట్ చేయించి కలపండి.

ట్యాంక్ సక్షన్ మీద ఉండటం మీ అదృష్టం. డిశ్చార్జ్ (పంప్ నుంచి నీళ్లు బయటకొచ్చే వైపు) మీద కలిపితే పంప్ నడిచినప్పుడల్లా సక్షన్ ప్రెషర్ పంప్ హెడ్ (పంప్ పెంచే ప్రెషర్) మేరకు పడిపోతుంది, పై అంతస్తు ఎయిర్ వెంట్లు గాలి వదలడానికి బదులు లోపలికి పీలుస్తాయి. పని అయ్యాక ఐసొలేషన్ వాల్వ్ హ్యాండిల్ తీసి దాచండి. ఆ వాల్వ్ మూసి ఉంటే లూప్‌కు ట్యాంకే లేనట్టు. గాలి ఛార్జ్‌ను ఏడాదికోసారి, మార్చిలోనే, ఇదే పద్ధతిలో కొలిచి ట్యాంక్ మీద తేదీతో రాసి పెట్టండి.