ఇంటి ముందు వాన నీళ్లు ఇంకే పేవర్లు: వేయించాలా, కాంక్రీటే నయమా?

కొత్త ఇల్లు – నిజాంపేట:
మాది 200 గజాల స్థలం, ఇల్లు దాదాపు పూర్తయింది. గేటు నుంచి కారు పెట్టే చోటు వరకు, పక్కన నడిచే దారితో కలిపి 300 చదరపు అడుగులు మిగిలింది. మేస్త్రీ కాంక్రీటు పోసి పైన పార్కింగ్ టైల్స్ అంటిద్దాం అంటున్నాడు. నాకేమో నీళ్లు నేలలోకి దిగే పేవర్లు (నేల మీద పేర్చే సిమెంటు బ్లాకులు) వేయించాలని ఉంది, ఎందుకంటే మా వీధిలో గట్టి వాన పడితే ప్రతి గేటులోంచీ నీళ్లు రోడ్డు మీదికే వచ్చేసి, పల్లంలో ఉన్న ఇళ్ల సంపుల్లోకి పోతున్నాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదలప్పుడు వాళ్లు పడ్డ అవస్థ చూశాక మన నీళ్లు కూడా వాళ్ల మీదికే తోలడం నాకు మనసొప్పడం లేదు. మా ఆయన మాత్రం "రెండేళ్లలో పూడుకుపోతాయి, డబ్బు దండగ" అంటున్నారు. వేయించినవాళ్లు, వద్దనేవాళ్లు ఇద్దరూ చెప్పండి.

మొరం నేల:
వేయించండి మేడమ్, కానీ ముందు ఒక సంగతి తెలుసుకోండి. మీరు చెప్పే రకంలో నీళ్లు దిగేది బ్లాకులోంచి కాదు, బ్లాకుల మధ్య సందుల్లోంచి. దిగిన నీళ్లు నిలిచేది కింద పోసే కంకరలో. మన దగ్గర మామూలుగా ఏం చేస్తారంటే నేల దిమ్మిస కొట్టి, స్టోన్ డస్ట్ పరిచి, బ్లాకులు పేర్చి, సందుల్లో ఇసుక ఊడ్చి వెళ్లిపోతారు. ఆ డస్ట్ తడిసి గట్టిపడ్డాక దానికీ సిమెంటు గచ్చుకీ పెద్ద తేడా ఉండదు. అది చూసి "ఈ పేవర్లు పనిచేయవు" అంటారు, అసలు నీళ్లు ఇంకే పద్ధతిలో వేస్తే కదా!

డస్ట్ లేకుండా, కడిగిన కంకర మాత్రమే వాడాలి. అడుగున 40 ఎంఎం సైజు రాయి, దాని మీద 20 ఎంఎం రాయి, పైన రెండంగుళాలు 6 ఎంఎం చిప్స్, సందుల్లో కూడా చిప్సే. కంకర మధ్య దాదాపు 40 శాతం ఖాళీ ఉంటుంది కాబట్టి అడుగు మందం పోస్తే 120 మిల్లీమీటర్ల వాన అందులోనే ఆగుతుంది. మీ 300 చదరపు అడుగులకు అది 3,300 లీటర్ల పైమాటే. కారు తిరిగే చోట 80 ఎంఎం మందం బ్లాకు వేయండి, నడిచే దారికి 60 చాలు.

బెజవాడ కుర్రాడు:
అన్నా, లెక్క బాగానే ఉంది, నేల సంగతి ఏంటి? మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అలాంటి చోట గోడ పక్కనే అడుగు లోతు కంకర పోసి నీళ్లు నిలబెడితే పునాది ఏం కావాలి? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది, ఇంటి ముందు ఏ రాయి వేసినా ఏం ఆగుతుంది? చైనాలో జెంగ్‌ఝౌ నగరం స్పాంజ్ సిటీ అని, అంటే వాన నీళ్లని స్పాంజ్‌లా పీల్చుకునే ఊరు చేస్తామని, అంత ఖర్చు పెట్టింది, 2021 జూలై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడితే మునిగిపోయింది. ముందు కాలువలు పూడిక తీయించండి, పేవర్ల సంగతి తర్వాత.

మొరం నేల:
బుడమేరు వరదని పేవర్లతో ఆపొచ్చని ఎవరూ అనలేదు తమ్ముడూ. ఏటా పడే మామూలు వానకి మన వాకిట్లో నీళ్లు రోడ్డెక్కకుండా చూడటం వరకే దీని పని, అది కాలువల పూడిక తీయడానికి అడ్డు కాదు. నల్లరేగడి విషయంలో మాత్రం నువ్వన్నది నిజం, అక్కడ నీళ్లని ఇంకించే ప్రయత్నం చేయకూడదు. చేస్తే గీస్తే గోతికి ప్లాస్టిక్ షీటు పరిచి, అడుగున చిల్లుల పైపు పెట్టి, కాసేపు ఆపి నెమ్మదిగా బయటికి వదలాలి.

మేడమ్, మీది మొరమే అయ్యుంటుందని అనుకుని పని మొదలుపెట్టకండి. రెండడుగుల గొయ్యి తవ్వించి, నీళ్లు పోసి ఒకసారి బాగా నాననివ్వండి. మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో చూడండి. అర అంగుళం కూడా దిగకపోతే మీకూ పైపు తప్పదు.

సియాటెల్ వాన:
మాది అమెరికాలో సియాటెల్ పక్కనున్న బోతెల్. ఇక్కడ మట్టి కిందే హిమానీనదాలు అదిమేసిన గట్టి పొర ఉంటుంది, నీళ్లు సరిగా దిగవు, అందుకే మా డ్రైవ్‌వే కంకర కింద పైపు ఉంది. ఒక మాట, ఇక్కడి వాన నెలల తరబడి సన్నగా పడుతుంది, హైదరాబాద్‌లో లాగా గంటలో కుండపోత కాదు, కాబట్టి మా డిజైన్ యథాతథంగా దించకండి. పూడిక గురించి చెప్తా: మాకు సందుల్లో నాచు పడుతుంది, చెట్ల సూదుల్లాంటి ఆకులు పడతాయి. కానీ పూడేది పై అంగుళమే. వ్యాక్యూమ్‌తో పాత చిప్స్ లాగేసి కొత్తవి నింపితే మళ్లీ దిగుతాయి. అందరూ వదిలేసేది ఈ పనే, వాళ్ల విషయంలో మీ ఆయన మాట నిజమే అవుతుంది అక్కా.

కొత్త ఇల్లు – నిజాంపేట:
డాబా మీది నీళ్ల పైపు కూడా దీంట్లోకే వదలొచ్చా? అప్పుడు వేరే ఇంకుడు గుంత అక్కర్లేదు కదా?

మొరం నేల:
వద్దండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 100 మిల్లీమీటర్లు పడితే 9,000 లీటర్లు దాటుతుంది, మీ కంకర పట్టేది 3,300. డాబాకి గుంత వేరే ఉండాల్సిందే. ఇంకొకటి, పెయింట్లు, మొక్కలకి మట్టి పోయడం, ఇసుక దింపడం అన్నీ అయ్యాకే పేవర్లు వేయించండి. వాటి మీద ఒక్క ట్రాక్టర్ ఎర్రమట్టి కుప్ప పోశారంటే మొదటి వానకే సందులు మూసుకుపోతాయి.

బెజవాడ కుర్రాడు:
నేను ఇప్పటికీ కాంక్రీటు వైపే. అయినా వేయిస్తానంటే గోడ వైపు కంకరకి నిలువునా షీటు పెట్టించండి అక్కా, గొయ్యి అడుగుభాగం గేటు వైపు వాలుగా ఉండాలి. మేస్త్రీ "ఏం కాదులెండి" అంటే వినకండి.

మొరం నేల:
దీంట్లో తమ్ముడి మాటే నా మాట. 200 గజాల్లో గోడకి దూరంగా వేసే చోటు ఉండదు, షీటు లేకుండా వేయించొద్దు.