గేమ్‌లో దొరికే తోడు తోడేనా?

కోనసీమ కుర్రాడు:
ఓహియోలో ఎంఎస్ చేసేటప్పుడు నా రూమ్మేట్ అలబామా నుంచి వచ్చిన నల్లజాతి అబ్బాయి, డిగ్రీ మూడో ఏడు. వాడి క్లాసులో నల్లవాళ్లు ఇద్దరే. పగలంతా ముక్తసరిగా ఉండేవాడు. రాత్రి పదకొండుకి హెడ్‌సెట్ పెట్టుకుని ఎన్‌బీఏ 2కే అనే బాస్కెట్‌బాల్ వీడియో గేమ్ మొదలుపెడితే గోడలదిరేలా నవ్వేవాడు. అవతల వాళ్ల ఊరి స్నేహితులు, ఒక కజిన్. నాన్నకి పక్షవాతం వచ్చిన సంగతి మొదట వాళ్లకే చెప్పాడు, ఆట ఆపకుండానే. కౌన్సెలింగ్ సెంటర్ పక్క వీధిలోనే ఉంది, ఒక్కసారీ వెళ్లలేదు. నేనైతే దీన్ని టైమ్‌పాస్ అనను, ఆసరా అంటాను. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
బాబూ, ఒక్కడి కథతో తేల్చేస్తే ఎలా? తెల్లవార్లూ ఆడి పొద్దున్నే క్లాసు ఎగ్గొడితే? పైగా ఆ గేముల్లో యాస వినగానే నల్లవాడని పట్టేసి తిడతారు. కిషోనా గ్రే అనే పరిశోధకురాలు ఎక్స్‌బాక్స్ లైవ్ అనే ఆన్‌లైన్ గేమింగ్ సర్వీసు గురించి ఇదే రాశారు. 2021 ఆగస్టులో, గేములు ఆడుతూ లైవ్‌లో చూపించే ట్విచ్ అనే సైట్లో, నల్లజాతి స్ట్రీమర్ల చాట్‌లోకి బాట్లతో, అంటే ప్రోగ్రాములు నడిపే దొంగ ఖాతాలతో, గుంపులుగా దూరి తిట్లు కుమ్మరించారు. సెప్టెంబర్ 1న చాలామంది ఒకరోజు ట్విచ్ మానేసి నిరసన తెలిపారు. అలాంటి చోట ఆసరానా?

భాగ్యనగరం అమ్మాయి:
మాస్టారూ, అది అందరూ ఉండే లాబీ. పార్టీ చాట్ వేరండీ, పిలిచినవాళ్లే వస్తారు. ఆ బూతులు పడలేకే తలుపేసుకుని లోపల కూర్చుంటారు. ఇంకోటి, మా అన్నయ్యని ఎదురుగా కూర్చోబెట్టి ఏమైందిరా అంటే ఏం లేదంటాడు. బైక్ తుడుస్తున్నప్పుడైతే అన్నీ వాడే చెప్తాడు.

లెక్కల మాస్టారు:
తలుపేసుకుంటే కాలేజీలో పరిచయాలు పెరిగేదెప్పుడమ్మా? రేపు రికమెండేషన్ లెటర్ ఎవరిస్తారు, కజినా?

కోనసీమ కుర్రాడు:
లెటర్ విషయంలో మీ మాట కాదనలేను. కానీ అదే పార్టీ చాట్‌లో అట్లాంటా మోర్‌హౌస్ కాలేజీ కుర్రాడూ ఉండేవాడు. అది 1867 నుంచి నల్లజాతి మగపిల్లలకి చదువు చెప్తున్న కాలేజీ, అంటే చుట్టూ తనవాళ్లే. అయినా రాత్రయితే వచ్చేవాడు. కాబట్టి తోడు లేకే గేమ్‌లో దూరతారనడం తప్పు. ఇక పరిచయాలంటారా, మావాణ్ణి రెండేళ్లలో ఇంటికి పిలిచినవాళ్లు లేరు. నేనూ ఆర్నెల్లు తెలుగువాళ్లతోనే తిరిగాను.

లెక్కల మాస్టారు:
మరి తర్వాతైనా పిలిచావా?

కోనసీమ కుర్రాడు:
లేదండీ. వాడే ఓ రోజు రెండో కంట్రోలర్ చేతికిచ్చాడు. 40 పాయింట్ల తేడాతో ఓడిపోయాను.