హార్మోన్ జబ్బుల పిల్లలకు స్పెషలిస్ట్ జిల్లాలో ఉండాలా, హైదరాబాద్‌లో ఉంటే చాలా?

దేవరకొండ నాన్న:
మా బాబుకు పుట్టుకతోనే సీఏహెచ్, అంటే ఒంట్లో కార్టిసాల్ సరిగ్గా తయారు కాదు. దానికి బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మాత్రను బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క పొడిచేసి నీళ్లలో కలిపి రోజుకు మూడుసార్లు పడతాం. చూపించేది హైదరాబాద్‌లో. మొన్న వానల్లో వాంతులు పట్టుకుంటే దగ్గర్లోని ఆసుపత్రికి ఉరికినం, ఫైలు తిరగేసి "మావల్ల కాదు, సిటీకి తీసుకుపోండి" అన్నారు. వంద కిలోమీటర్ల పైన దారి, చేతిలో సోలిపోతున్న పిల్లాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీల్లో పిల్లల హార్మోన్ డాక్టర్‌ను పెట్టాల్సిందే.

పాలమూరు ల్యాబ్:
మీ బాధ అర్థమైంది అన్నా, కానీ ఒప్పుకోను. ఏడాదికి ఒకటో రెండో కేసులు చూస్తే ఏ డాక్టర్‌కూ చేయి తిరగదు. పైగా ఇవి ఒక్క జబ్బు కాదు. ఎంఎస్‌యూడీ, అంటే ప్రొటీన్‌లోని కొన్ని అమైనో ఆమ్లాలను ఒళ్లు అరిగించుకోలేని జబ్బు, ఉన్న బిడ్డకు ప్రత్యేకమైన పాలపొడి, డైటీషియన్, అమైనో ఆమ్లాలు కొలిచే ల్యాబ్, అన్నీ ఒకేచోట దొరకాలి. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒక కేంద్రం. 50 లక్షల వరకు సాయం వచ్చేది కూడా ఇలాంటి కేంద్రాల ద్వారానే. ఉన్నదాన్నే గట్టిపరచాలి.

నల్లగొండ స్టాఫ్ నర్స్:
స్పెషలిస్ట్ ఎక్కడ కూర్చోవాలన్న దగ్గరే ఇద్దరూ ఆగిపోయారు. ఈ పిల్లల ప్రాణం మీదికి వచ్చేది అర్ధరాత్రి జ్వరంలో, వాంతుల్లో. అప్పుడు కావాల్సిన హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ మా ఎమర్జెన్సీ ట్రేలో ఉంటుంది, ఆయాసంతో వచ్చినవాళ్లకు రోజూ ఇస్తూనే ఉంటాం! మూడేళ్లలోపు 25 మిల్లీగ్రాములు, పన్నెండేళ్ల దాకా 50, ఆపైన 100, షుగర్ చూసుకుంటూ సెలైన్. మందు ఉంది, ఇవ్వమని రాసిన కాగితమే లేదు. స్పెషలిస్ట్ డోసు రాసి సంతకం పెట్టిన ఒక్క పేజీ ఫైల్లో పైన ఉంటే, దాని కాపీ ఊరి దగ్గరి ఆసుపత్రిలో ముందే ఇచ్చి ఉంటే, డ్యూటీ డాక్టర్ అంత భయపడరు.

పాలమూరు ల్యాబ్:
మేడం చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మరి జబ్బు ఉందనే తెలియని పిల్లలో? ఆడపిల్లయితే పుట్టగానే జననాంగాల తేడా చూసి అనుమానిస్తారు. మగపిల్లాడు మామూలుగానే ఉంటాడు, రెండు మూడు వారాలకు సోడియం పడిపోయి, పొటాషియం పెరిగి, వాంతులతో వస్తే మామూలు ఇన్ఫెక్షన్ అనుకుంటారు. మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం తీసి సీఏహెచ్‌లో బాగా పెరిగే 17-ఓహెచ్‌పీ అనే హార్మోన్ చూస్తే ముందే దొరుకుతుంది. జిల్లాకు ముందు కావాల్సింది అది, ప్రసూతి వార్డులోనే, మనలో మేనరికాలు ఎక్కువ కూడా.

దేవరకొండ నాన్న:
పరీక్షా కావాలి, కాగితమూ కావాలి. అయినా నెలకోసారి సిటీ డాక్టర్ జిల్లాకు వస్తే తప్పేంటి? చెకప్‌కు పోయిన ప్రతిసారీ ఇద్దరి కూలీ పోతుంది. ఒంట్లో ఉప్పు నిలబెట్టే ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్ర 2022లోనే అత్యవసర మందుల జాతీయ జాబితాలో చేరింది, మా టౌన్ షాపుల్లో అడిగితే ఇప్పటికీ "తెప్పించాలి" అంటారు. అక్కా, ఆ పేజీలో ఏమేం రాయించాలో ఇక్కడ పెట్టండి, వచ్చే చెకప్‌లో డాక్టర్‌తో రాయించుకొస్తా.